కారు ‘స్టార్ట్ అయింది’ అంటే ‘బాగైంది’ అని కాదు! ఫోన్, ఓబీడీ డాంగిల్‌తో అసలు తప్పు పట్టుకోవడం ఎలా?

మనం ఇక్కడ ఎక్కువగా ఫోన్లు, ఇయర్‌బడ్స్, స్మార్ట్‌వాచ్‌ల గురించే మాట్లాడుకుంటాం. ఈసారి కొంచెం వేరే గ్యాడ్జెట్. అగ్గిపెట్టె అంత ఉంటుంది, కారులో గుచ్చుతాం, బ్లూటూత్‌తో ఫోన్‌కి కనెక్ట్ చేస్తాం. పేరు ఓబీడీ డాంగిల్. కారు స్టార్ట్ కానప్పుడు ఇది నిజంగా పనికొస్తుందా, లేక బొమ్మేనా? మా ఇంటి కారు మీద నాకైన అనుభవంతో చెప్తాను. ఇందులో నేను చేసిన ఒక పెద్ద పొరపాటు కూడా ఉంది, అది మీరు చేయకండి.

అసలు ఏం జరిగిందంటే

మాది ఖమ్మం. నాన్న దగ్గర 2014 మోడల్ పెట్రోల్ కారు ఒకటి ఉంది, మాన్యువల్ గేర్లు. ఏప్రిల్‌లో అక్కకి ఏడో నెల పడితే, హైదరాబాద్ నుంచి పుట్టింటికి తీసుకురావడానికి నాన్న, నేను వెళ్లాం. వచ్చేటప్పుడు సూర్యాపేటలో టీ తాగుదామని ఆపాం. పది నిమిషాల తర్వాత తాళం తిప్పితే సెల్ఫ్ గట్టిగానే తిరుగుతోంది కానీ ఇంజన్ అందుకోవట్లేదు. మిట్టమధ్యాహ్నం ఎండ, కారులో ఏడో నెల అక్క. నలభై నిమిషాలు చెట్టు కింద కూర్చున్నాం. ఆ తర్వాత ఒక్క తాళానికే స్టార్ట్ అయింది, ఏమీ జరగనట్టు.

ఇంటికొచ్చాక నాన్న గ్యారేజీలో చూపిస్తే, బ్యాటరీకి నాలుగేళ్లు దాటిందని కొత్తది వేశారు. స్టార్ట్ అయింది. ‘బాగైపోయింది’ అన్నారు. రెండు వారాలకి మార్కెట్ దగ్గర మళ్లీ అదే కథ. బండిని తోయించుకుని గ్యారేజీకి తీసుకెళ్తే ఈసారి ఫ్యూయల్ పంప్ మార్చారు. స్టార్ట్ అయింది. మళ్లీ ‘బాగైపోయింది’. రెండూ కలిపి పదమూడు వేల పైనే అయ్యాయి. మే నెల మధ్యలో మూడోసారి ఆగిపోయింది.

ఆ రోజు నాన్న ఫోన్‌లో ఒకే మాట అన్నాడు: ‘ఒరేయ్, ఈ బండిని నమ్ముకుని అర్ధరాత్రి దాన్ని ఆసుపత్రికి ఎలా తీసుకెళ్తాం రా?’

నిజమే కదా. పూర్తిగా చెడిపోయిన కారైతే వేరే ఏర్పాటు చేసుకుంటాం. ఎప్పుడు మొండికేస్తుందో తెలియని కారే అసలు ప్రమాదం. మన కోడింగ్ భాషలో చెప్పాలంటే, వచ్చి పోయే బగ్ అన్నమాట. మెషిన్ అలవాటు మనది కాబట్టి, ఆ శుక్రవారం రాత్రే బస్సెక్కాను. బ్యాగులో డాంగిల్, మల్టీమీటర్.

మొదటి ప్రశ్న: సెల్ఫ్ తిరుగుతోందా, లేదా?

డాంగిల్ సంగతి తర్వాత. ముందు చెవులతో వినాలి. ‘స్టార్ట్ కావట్లేదు’ అనేది ఒక సమస్య కాదు, రెండు వేర్వేరు సమస్యలు. వీటిని కలిపేస్తేనే డబ్బులు వృథా అవుతాయి.

మొదటి రకం: తాళం తిప్పితే ఇంజన్ అసలు తిరగదు. నిశ్శబ్దంగా ఉంటుంది, లేదా ‘టక్’ అని ఒక్కసారి, లేదా ‘టక టక టక’ అని వరసగా చప్పుడు వస్తుంది.

రెండో రకం: సెల్ఫ్ మోటార్ ఇంజన్‌ని మామూలు స్పీడ్‌లోనే తిప్పుతోంది, కానీ ఇంజన్ సొంతంగా అందుకోవట్లేదు.

మొదటి రకం అయితే అనుమానం బ్యాటరీ, టెర్మినళ్లు, ఎర్త్ వైరు, సెల్ఫ్ మోటార్, దాని రిలే, ఫ్యూజుల మీదకి వెళ్లాలి. రెండో రకం అయితే బ్యాటరీ తన పని దాదాపు చేసేసినట్టే. అప్పుడు చూడాల్సింది పెట్రోల్, స్పార్క్, గాలి, టైమింగ్ చెప్పే సెన్సర్లు, ఇమ్మొబిలైజర్.

మాది రెండో రకం. సెల్ఫ్ గట్టిగా తిరుగుతుంటే బ్యాటరీ ఎందుకు మార్చారు? ఈ ప్రశ్న సూర్యాపేటలోనే నాకు తట్టాల్సింది. తట్టలేదు.

మొదటి రకమైతే: నాలుగు నంబర్లు గుర్తుపెట్టుకోండి

ఐదారు వందల రూపాయల మామూలు మల్టీమీటర్ చాలు. డీసీ వోల్ట్స్ 20 దగ్గర పెట్టి, ఎర్ర ప్రోబ్ బ్యాటరీ ప్లస్‌కి, నల్లది మైనస్‌కి పెట్టండి. కారు ఆపి కొన్ని గంటలైన తర్వాత చూస్తే సరైన రీడింగ్ వస్తుంది.

• 12.6 వోల్టులు ఉంటే ఫుల్ ఛార్జ్.
• 12.2 దగ్గర ఉంటే సుమారు సగం ఛార్జ్. 12 కంటే తగ్గితే దాదాపు ఖాళీ అయినట్టే.
• సెల్ఫ్ కొట్టేటప్పుడు ఇంకొకరిని మీటర్ చూడమనండి. 9.6 కంటే కిందకి పడిపోతుంటే బ్యాటరీ బలహీనం, లేదా ఛార్జ్ లేదు.
• ఇంజన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.7 మధ్య ఉండాలి. అలా లేకుండా 12 చిల్లర దగ్గరే ఉంటే ఆల్టర్నేటర్ ఛార్జ్ చేయట్లేదు. అప్పుడు కొత్త బ్యాటరీ వేసినా నాలుగు రోజుల్లో అది కూడా పడుకుంటుంది.

మీటర్ లేకపోతే హెడ్‌లైట్ పరీక్ష ఉంది. లైట్లు వేసి సెల్ఫ్ కొట్టండి. లైట్లు పూర్తిగా మసకబారిపోతే బ్యాటరీయో, లూజ్ టెర్మినలో. లైట్లు కాంతి తగ్గకుండా వెలుగుతూనే ఉండి, సెల్ఫ్ మాత్రం ఉలకకపోతే కరెంటు మోటార్ దాకా చేరట్లేదు. రిలే, ఫ్యూజ్, వైరు, తాళం స్విచ్ చూడాలి. మాన్యువల్ కార్లలో చాలావాటికి క్లచ్ పూర్తిగా తొక్కితేనే సెల్ఫ్ తిరుగుతుంది. ఆటోమేటిక్‌లో గేర్ పార్క్ లేదా న్యూట్రల్‌లో ఉండాలి. నవ్వకండి, ఈ చిన్న విషయానికే టోయింగ్ బండిని పిలిపించుకున్న ఫ్రెండ్ నాకున్నాడు.

టెర్మినల్స్ మీద తెల్లగా, పచ్చగా పొడి పేరుకుందేమో, చేత్తో తిప్పితే కదులుతున్నాయేమో కూడా చూడండి. బ్యాటరీ మంచిదే అయినా కాంటాక్ట్ సరిగ్గా లేకపోతే సెల్ఫ్‌కి కావాల్సిన వందల ఆంపియర్ల కరెంటు వెళ్లదు. శుభ్రం చేసి బిగిస్తే చాలాసార్లు అక్కడితో కథ ముగుస్తుంది.

రెండో రకమైతే: ఇంజన్‌కి ఏం కావాలి?

పెట్రోల్ ఇంజన్ అందుకోవాలంటే గాలి, పెట్రోల్, సిలిండర్‌లో సరిపడా ఒత్తిడి, సరైన సమయానికి స్పార్క్ కావాలి. ఈ ‘సరైన సమయం’ అనే మాటలోనే మా కథ అంతా ఉంది. ఇప్పటి కార్లలో ఆ సమయం చెప్పేది ఈసీయూ, అంటే ఇంజన్‌ని నడిపే చిన్న కంప్యూటర్.

డాంగిల్ లేకుండానే చూడగలిగేవి ముందు చూసేయండి:

• ట్యాంకులో పెట్రోల్ ఉందా? గేజ్ ముల్లుని గుడ్డిగా నమ్మకండి.
• తాళం ఆన్ చేయగానే, సెల్ఫ్ కొట్టకముందు, వెనక సీటు కింద నుంచి రెండు సెకన్లు ‘ఊఁ’ అని చిన్న శబ్దం వస్తుంది. అది ఫ్యూయల్ పంప్. అసలు వినపడకపోతే పంప్ ఫ్యూజు, రిలే ముందు చూడండి. పంప్ చివర్లో.
• మీటర్ బోర్డు మీద తాళం గుర్తుతో ఉండే ఇమ్మొబిలైజర్ లైటు ఆరిపోకుండా మినుకుమినుకుమంటోందా? అయితే కారు మీ తాళాన్ని గుర్తుపట్టలేదు. రెండో తాళంతో ప్రయత్నించండి.
• సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు ఆర్‌పీఎం ముల్లు కొంచెమైనా లేస్తోందా? ఇది చిన్న గమనికే, కానీ చాలా విలువైనది. ఎందుకో కింద చెప్తాను.

ఒక జాగ్రత్త. సెల్ఫ్ ఒక్కసారికి పది సెకన్ల కంటే ఎక్కువ కొట్టకండి, మధ్యలో కనీసం అర నిమిషం ఆగండి. లేకపోతే సెల్ఫ్ మోటార్ కాలిపోయి ఒక సమస్య రెండవుతుంది. స్పార్క్ ఉందో లేదో చూడాలని ప్లగ్ కాయిల్ పీకి చేత్తో పట్టుకోకండి. అక్కడ వేల వోల్టులు ఉంటాయి. అది మెకానిక్ పని.

ఓబీడీ అంటే ఏంటి? ఏ డాంగిల్ కొనాలి?

కారులోని కంప్యూటర్ తన లోపాలని తనే గమనించి రాసిపెట్టుకునే పద్ధతే ఓబీడీ. అమెరికాలో 1996 నుంచి కొత్త కార్లన్నిటికీ ఓబీడీ2 తప్పనిసరి అయింది. మన దేశంలో 2010 ఏప్రిల్‌లో ఓబీడీ1, 2013 ఏప్రిల్‌లో ఓబీడీ2 వచ్చాయి. కాబట్టి మీ కారు 2013 తర్వాతదైతే స్టీరింగ్ కింద, పెడల్స్‌కి పైన ఎక్కడో 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. అందులో 16వ పిన్ను నేరుగా బ్యాటరీ ప్లస్, 4వది బాడీ ఎర్త్. ఇప్పటి కార్లలో 6, 14 పిన్నుల మీద క్యాన్ బస్ నడుస్తుంది. ఈసీయూ మాట్లాడేది ఆ రెండు వైర్ల మీదే.

మార్కెట్‌లో చవగ్గా దొరికే డాంగిల్స్ మీద ‘ఈఎల్ఎం327’ అని ఉంటుంది. ఇది కెనడాకి చెందిన ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ తయారుచేసిన చిప్ పేరు. చవక డాంగిల్స్‌లో ఉండేవి దాదాపు అన్నీ ఆ చిప్‌కి నకళ్లే. పెట్టె మీద ‘వెర్షన్ 1.5’ అని గొప్పగా రాసి ఉన్నవి బోలెడు. ఆ నంబరుతో ఎల్మ్ అసలు ఏ చిప్పూ విడుదల చేయలేదు! అయినా కోడ్‌లు చదవడం, ఆర్‌పీఎం చూడడం లాంటి మామూలు పనులకి నకలు కూడా చాలావరకు సరిపోతుంది. నాది కూడా వెయ్యి లోపు నకలే.

కొనేటప్పుడు ఇవి చూసుకోండి:

• ఆండ్రాయిడ్ అయితే మామూలు బ్లూటూత్ మోడల్ చాలు. ఐఫోన్ అయితే బ్లూటూత్ లో ఎనర్జీ ఉన్నది లేదా వైఫై ఉన్నది తీసుకోవాలి. పాత రకం బ్లూటూత్ డాంగిల్ ఐఫోన్‌లో పనిచేయదు.
• యాప్ విషయానికొస్తే, ఆండ్రాయిడ్‌లో ‘టార్క్’ పాతకాపు. ‘కార్ స్కానర్’ రెండిట్లోనూ ఉంది, కొత్తవాళ్లకి తేలిక.
• పని అయిపోగానే డాంగిల్ పీకేయండి. 16వ పిన్నుకి ఎప్పుడూ కరెంటు ఉంటుంది, రోజుల తరబడి వదిలేస్తే బ్యాటరీ నెమ్మదిగా దిగిపోతుంది. పైగా చాలా డాంగిల్స్ పిన్ 1234 మాత్రమే; పక్క కారులోవాళ్లు కూడా కనెక్ట్ అయిపోవచ్చు.

కోడ్ చదవడం: ఇది తీర్పు కాదు, ఆధారం మాత్రమే

కారు ఇచ్చే కోడ్ ‘పీ0335’ లాంటి ఐదు గుర్తుల పదం. మొదటి అక్షరం ఏ విభాగమో చెప్తుంది: పీ అంటే ఇంజన్, గేర్ బాక్స్, బీ అంటే బాడీ, సీ అంటే ఛాసిస్, యూ అంటే కంప్యూటర్ల మధ్య కమ్యూనికేషన్. రెండో స్థానంలో 0 ఉంటే అన్ని కంపెనీలకీ ఒకటే అర్థం; 1 ఉంటే ఆ కంపెనీ సొంత కోడ్.

స్టార్ట్ కాని కార్లలో తరచూ కనపడేవి కొన్ని:

• పీ0335: క్రాంక్ షాఫ్ట్ పొజిషన్ సెన్సర్ సర్క్యూట్.
• పీ0340: క్యామ్ షాఫ్ట్ పొజిషన్ సెన్సర్ సర్క్యూట్.
• పీ0230: ఫ్యూయల్ పంప్ ప్రైమరీ సర్క్యూట్.
• పీ0562: సిస్టమ్ వోల్టేజ్ తక్కువ.
• యూ0100: ఇంజన్ కంప్యూటర్‌తో సంబంధం తెగింది.

ఇక్కడ ‘సర్క్యూట్’ అనే మాట గమనించండి. పీ0335 వస్తే ‘సెన్సర్ పోయింది’ అని అర్థం కాదు. సెన్సర్, దాని కనెక్టర్, ఈసీయూ దాకా వెళ్లే వైరు, ఈ దారిలో ఎక్కడో సిగ్నల్ రావట్లేదని మాత్రమే. మన ప్రోగ్రామ్‌లో ఎర్రర్ ఒక లైన్‌లో కనపడినా, తప్పు వేరే ఫైల్‌లో ఉంటుంది చూడండి, అలాగే.

నేను చేసిన పొరపాటు

శనివారం పొద్దున్నే డాంగిల్ గుచ్చాను. యాప్ ఒక కోడ్ చూపించింది. సరిగ్గా చదవకముందే, కింద ఎర్రగా మెరుస్తున్న ‘క్లియర్ ఫాల్ట్స్’ బటన్ నొక్కేశాను! కొత్త గ్యాడ్జెట్ ఉత్సాహం, అంతే. ఫోన్‌లో నోటిఫికేషన్లు తుడిచేసే అలవాటు చేతికి ఎక్కిపోయింది.

ఆ బటన్ కోడ్‌ని ఒక్కదాన్నే తుడవదు. లోపం నమోదైన క్షణంలో ఆర్‌పీఎం ఎంత, ఇంజన్ వేడి ఎంత, బండి స్పీడ్ ఎంత అని ఈసీయూ దాచిపెట్టుకునే ‘ఫ్రీజ్ ఫ్రేమ్’ కూడా పోతుంది. అంటే సర్వర్ క్రాష్ అయితే, లాగ్ చదవకుండా డిలీట్ చేసినట్టు. ఇద్దరు మెకానిక్‌లు చూడని ఆధారం నా చేతిలోకి వచ్చింది, నేనే చెరిపేశాను. నాన్నకి చెప్పడానికి పది నిమిషాలు పట్టింది.

అందుకే రూల్ ఇది: ముందు స్క్రీన్‌షాట్, తర్వాతే ఏదైనా. కోడ్‌లు, పెండింగ్ కోడ్‌లు, ఫ్రీజ్ ఫ్రేమ్, మూడింటికీ స్క్రీన్‌షాట్ తీయండి. పెండింగ్ అంటే ఈసీయూకి ఒకసారి అనుమానం వచ్చి, ఇంకా ఖాయం చేసుకోని లోపం. వచ్చి పోయే సమస్యల్లో ఇదే ఎక్కువగా దొరుకుతుంది.

బగ్‌ని మళ్లీ రప్పించడం

లాగ్ పోయింది కాబట్టి ఇక ఒకటే దారి: సమస్యని మన కళ్ల ముందు మళ్లీ తెప్పించాలి. నాన్నని కూర్చోబెట్టి మూడుసార్లూ ఎప్పుడెప్పుడు ఆగిందో అడిగి రాసుకున్నాను. మూడుసార్లూ ఎక్కువసేపు నడిపాకే. మూడుసార్లూ ఆపిన ఐదు పది నిమిషాలకే. మూడుసార్లూ ముప్పావు గంటలోపు దానంతటదే బాగైంది. పొద్దున పూట ఒక్కసారి కూడా రాలేదు.

అప్పుడు వెలిగింది. బ్యాటరీ మార్చిన రోజు, పంప్ మార్చిన రోజు కారు ఎందుకు స్టార్ట్ అయింది? కొత్త పార్ట్ వల్ల కాదు. పార్ట్ తెప్పించి బిగించే గంటలో ఇంజన్ చల్లారింది! ఆ గంటసేపు దేవుడి పటం తుడిచినా స్టార్ట్ అయ్యేది. ఎవరూ మోసం చేయలేదు. ‘స్టార్ట్ అయింది’ అన్న ఒక్క ఆధారంతో ‘బాగైంది’ అనుకున్నారు, అంతే.

ఇంకో విషయం. ఇంజన్ ఆపగానే వేడి తగ్గుతుందనుకుంటాం కదా? బానెట్ కింద అలా జరగదు. ఆపగానే కూలెంట్ తిరగడం ఆగుతుంది, ముందు నుంచి గాలి రాదు, ఇంజన్ లోహంలో ఉన్న వేడి చుట్టూ ఉన్న భాగాలకి పాకుతుంది. అందుకే మొదటి పది పదిహేను నిమిషాలు సెన్సర్ల దగ్గర వేడి ఇంకా పెరుగుతుంది. టీ బ్రేక్ అంతసేపన్నమాట.

మధ్యాహ్నం ఒంటిగంటకి నాన్న, నేను వైరా రోడ్డులో గంటసేపు తిప్పాం. ఇంటి ముందు ఆపి, బానెట్ మూసే ఉంచి, ఎనిమిది నిమిషాలు టైమర్ పెట్టాను. సెల్ఫ్ కొడితే... తిరుగుతోంది, అందుకోవట్లేదు. జీవితంలో మొదటిసారి కారు స్టార్ట్ కాలేదని సంతోషపడ్డాను.

ఒక్క నంబరు: సున్నా

ఇప్పుడు యాప్‌లో లైవ్ డేటా తెరిచి, ఆర్‌పీఎం పెట్టి, నాన్నని సెల్ఫ్ కొట్టమన్నాను. ఇంజన్ తిరుగుతున్న చప్పుడు వినపడుతోంది. స్క్రీన్ మీద ఆర్‌పీఎం: 0.

ఇది ఎందుకు ముఖ్యమో చూద్దాం. క్రాంక్ షాఫ్ట్‌తో పాటు తిరిగే ఒక పళ్ల చక్రం ఉంటుంది. చాలా ఇంజన్లలో 60 పళ్లకి చోటు ఉండి, రెండు కావాలని తీసేసి, 58 ఉంటాయి. పక్కనే క్రాంక్ సెన్సర్. ఒక్కో పన్ను దాటినప్పుడల్లా ఒక పల్స్. రెండు పళ్లు లేని ఖాళీ వచ్చినప్పుడు ‘ఇదీ మొదలు’ అని ఈసీయూకి తెలుస్తుంది. సెల్ఫ్ నిమిషానికి 200 సార్లు ఇంజన్‌ని తిప్పుతుంటే, సెకనుకి సుమారు 190 పల్సులు రావాలి. అవి రాకపోతే ఈసీయూ దృష్టిలో ఇంజన్ నిలబడే ఉంది. నిలబడిన ఇంజన్‌కి పెట్రోల్ పోయదు, స్పార్క్ ఇవ్వదు. అది దాని డ్యూటీ.

మీటర్ బోర్డు మీది ఆర్‌పీఎం ముల్లు కూడా చాలా కార్లలో ఈ లెక్క మీదే కదులుతుంది. అందుకే డాంగిల్ లేకపోయినా ఆ ముల్లుని చూడమన్నాను.

కోడింగ్ వచ్చినవాళ్లకి ఒక చిన్న కానుక. యాప్ వెనకాల అడిగే ప్రశ్న ‘010సీ’. ఈసీయూ రెండు బైట్లు ఇస్తుంది. మొదటిదాన్ని 256తో గుణించి, రెండోది కలిపి, 4తో భాగిస్తే ఆర్‌పీఎం. 12, 128 వచ్చాయనుకోండి: 3072కి 128 కలిపితే 3200, నాలుగో వంతు 800. ఐడిల్‌లో ఉన్న ఇంజన్. మాకు వచ్చినవి రెండూ సున్నాలే.

అయితే వెంటనే తీర్పు చెప్పేయకండి. సెల్ఫ్ కొట్టేటప్పుడు వోల్టేజ్ బాగా పడిపోతే నకలు డాంగిల్ తనే రీసెట్ అయి తప్పుడు సున్నా చూపించొచ్చు. అందుకే మల్టీమీటర్ కూడా పెట్టాను: 10.4 వోల్టులు, పర్వాలేదు. మరుసటి పొద్దున ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు అదే డాంగిల్, అదే యాప్ సెల్ఫ్ మీద 210 చూపించాయి. అంటే డాంగిల్ అబద్ధం చెప్పట్లేదు. ఈసారి పీ0335 మళ్లీ నమోదైంది. స్క్రీన్‌షాట్ తీశాను, రెండుసార్లు.

సెన్సరా, వైరా?

ఆదివారం తెలిసిన మెకానిక్ అన్నని ఇంటికి పిలిచి స్క్రీన్‌షాట్లు చూపించాను. ఆయన ఒక్క నిమిషం చూసి, ‘తమ్ముడూ, ఇది ముందే ఉంటే పంప్ జోలికి ఎవడు పోతాడు?’ అన్నాడు. బండిని మళ్లీ వేడిచేసి, అది ఆగిపోయాక కింద దూరి, సెన్సర్ మీద తడిగుడ్డ వేశాడు. మూడు నిమిషాలకి స్టార్ట్! ఆ తర్వాత కనెక్టర్ ఊడదీసి మీటర్ పెట్టాం. చల్లగా ఉన్నప్పుడు సెన్సర్ 900 ఓమ్‌ల దగ్గర చూపించింది. బాగా వేడెక్కాక మీటర్ ‘ఓపెన్’ అంది. లోపలి సన్నటి రాగి తీగ చుట్టలో ఎక్కడో చిన్న తెగుదల; వేడికి వ్యాకోచించినప్పుడు విడిపోతోంది, చల్లారితే మళ్లీ ఆనుతోంది. వైర్లని కూడా లాగి, వంచి చూశాడు, బాగానే ఉన్నాయి. అప్పుడే సెన్సర్ తప్పని ఖాయం చేసుకున్నాం.

గమనిక: ఈ ఓమ్స్ పరీక్ష రెండు వైర్ల అయస్కాంత సెన్సర్‌కి మాత్రమే. మూడు వైర్లు ఉంటే అది హాల్ రకం కావొచ్చు, దానికి ఓమ్స్ పెట్టకూడదు, సిగ్నల్ చూడాలి.

కొత్త సెన్సర్, కూలీ కలిపి రెండు వేల లోపే అయింది. మెకానిక్ అన్న తాళం తిప్పగానే స్టార్ట్ అయింది. నాన్న ‘బాగైందా?’ అన్నాడు. ఈసారి నేను తల ఊపలేదు. ఆ రోజు, తర్వాతి రెండు రోజులు మధ్యాహ్నం అదే రోడ్డు, అదే గంట, అదే ఎనిమిది నిమిషాలు. మూడుసార్లూ స్టార్ట్ అయ్యాకే ‘బాగైంది’ అన్నాను. సమస్యని రప్పించిన పరీక్షతోనే రిపేర్‌ని కూడా పరీక్షించాలి. చల్లటి ఇంజన్ స్టార్ట్ అయితే అది దేనికీ రుజువు కాదు.

మీ ఫోన్ నోట్స్‌లో సేవ్ చేసుకోండి

1. సెల్ఫ్ తిరుగుతోందా? తిరగకపోతే బ్యాటరీ, టెర్మినళ్లు, సెల్ఫ్ వైపు. తిరిగితే పెట్రోల్, స్పార్క్, సెన్సర్ల వైపు.
2. ఇమ్మొబిలైజర్ లైటు, పంప్ చప్పుడు, ఆర్‌పీఎం ముల్లు చూడండి.
3. కోడ్, పెండింగ్, ఫ్రీజ్ ఫ్రేమ్ స్క్రీన్‌షాట్ తీయండి. క్లియర్ బటన్ ముట్టుకోకండి.
4. సెల్ఫ్ కొడుతూ ఆర్‌పీఎం, వోల్టేజ్ రెండూ చూడండి.
5. ఎప్పుడు ఆగుతోంది? వేడిగానా, చల్లగానా, వానలోనా? రాసుకోండి.
6. పార్ట్ మార్చాక, ఆగిపోయిన పరిస్థితిలోనే మళ్లీ పరీక్షించండి.

డాంగిల్‌కి నా మార్కులు? పదికి ఏడున్నర. అది రిపేర్ చేయదు, ఏ పార్ట్ పోయిందో కూడా సూటిగా చెప్పదు. తెగిన టైమింగ్ బెల్ట్, తగ్గిన కంప్రెషన్ లాంటివి దానికి నేరుగా కనపడవు. కానీ మెకానిక్‌తో మాట్లాడేటప్పుడు ‘అన్నా, స్టార్ట్ కావట్లేదు’ అనే బదులు ‘అన్నా, వేడిమీద సెల్ఫ్ కొడితే ఆర్‌పీఎం సున్నా వస్తోంది’ అనగలుగుతాం. ఆ ఒక్క వాక్యం ముందే ఉండి ఉంటే మాకు పదమూడు వేలు మిగిలేవి.

జూన్ నెలాఖరులో ఒక రాత్రి రెండున్నరకి అక్కకి నొప్పులు మొదలయ్యాయి. నాన్నే బండి తీశాడు. నిజం చెప్పాలంటే, ఆ రాత్రి చల్లటి ఇంజన్ పాత సెన్సర్‌తో కూడా స్టార్ట్ అయ్యేదేమో. కానీ ఆసుపత్రికి వెళ్లాక చూస్తే స్కానింగ్ రిపోర్టుల ఫైల్ ఇంట్లోనే మర్చిపోయారు. లోపల సంతకాలు అవీ చేసి, పది నిమిషాల తర్వాత నాన్న మళ్లీ వచ్చి తాళం తిప్పాడు. వేడి ఇంజన్, సరిగ్గా టీ బ్రేక్ అంత టైమ్.

పొద్దున ఫోన్ చేసి మేనకోడలు పుట్టిందని చెప్పాక, నాన్న ఇంకో మాట అన్నాడు: ‘ముల్లు లేచింది రా.’